పోయినచోటే రాబట్టుకోవాలనుకున్న మనిషి: ఒక బెట్టింగ్ కేసు

ఈ కేసు రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. రాసినది చదివారు కూడా. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. డబ్బు అంకెలను మాత్రం ఉన్నవాటికి దగ్గరగానే ఉంచాను. అవి తీసేస్తే జబ్బు ఎలా ముదిరిందో, మేం ఎక్కడ దెబ్బతిన్నామో చదివేవాళ్లకు తెలియదు.

వచ్చిన బాధ

2022 మే మూడో వారంలో ఒక ఫిజీషియన్ ఆయన్ని మానసిక వైద్యురాలినైన నా దగ్గరికి పంపారు. వయసు నలభైకి దగ్గర. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు, జీతం 52 వేలు. భార్య స్కూల్ టీచరు, కొడుకు ఏడో తరగతి. నిద్ర పట్టదు, గుండెదడ, చేతుల్లో వణుకు, బీపీ ఓ రోజు ఎక్కువ, ఓ రోజు మామూలు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ అన్నీ సరిగానే ఉన్నాయి. మద్యం అలవాటు లేదు.

ఎప్పటినుంచి అని అడిగితే ఆయనకంటే ముందు భార్య చెప్పారు. "ప్రతి ఎండాకాలం ఇంతే డాక్టర్ గారూ. ఎండ పడదేమో అనుకుంటాం. కరోనా ఏడాది మాత్రం ఎండాకాలం హాయిగా నిద్రపోయారు. ఆ ఏడు దసరాకి ముందు మొదలైంది."

ఆ మాట దగ్గర నేను ఆగాను. వేసవిలో మనసు చెదిరే జబ్బులు లేకపోలేదు. ఉన్మాదం వేసవిలో ఎక్కువగా కనబడటం మాకు తెలిసిందే. కానీ రుతువును బట్టి వచ్చే జబ్బు ఒక్క ఏడాది సెప్టెంబరుకు మారిపోదు. 2020లో ఐపీఎల్ వేసవిలో జరగలేదు. సెప్టెంబరు 19న యూఏఈలో మొదలై నవంబరు 10 దాకా నడిచింది. "మరి పోయినేడు?" అన్నాను. ఏప్రిల్‌లో కొన్నాళ్లు, మళ్లీ దసరా ముందు అన్నారామె. 2021లో కరోనా వల్ల టోర్నీ మే మొదట్లో ఆగి, మిగిలిన మ్యాచ్‌లు సెప్టెంబరు, అక్టోబరుల్లో జరిగాయి.

ఆమెను కాసేపు బయట కూర్చోమని, "క్రికెట్ చూస్తారా?" అని మాత్రం అడిగాను. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత, "చూడటమైతే ఎప్పుడో మానేశానండీ. స్కోరు మాత్రమే చూస్తాను" అన్నారు. ఆ మాటతో బెట్టింగ్, దాని అప్పులు బయటపడ్డాయి.

ఆ రోజు ముందుగా తేల్చుకోవలసింది అప్పు సంగతి కాదు, ప్రాణం సంగతి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. ఇన్సూరెన్సు డబ్బుతో అప్పులు తీరిపోతాయని లెక్క వేసుకున్నానని చెప్పారు. బెట్టింగ్ కేసుల్లో ఈ లెక్క చాలాసార్లు విన్నాను. ఆసుపత్రిలో చేర్చుకోవాలా, ఇంట్లో ఉంచాలా? చేరిస్తే కొన్ని రోజులు భద్రంగా ఉంటారు, కానీ ఉద్యోగం పోయే ప్రమాదముంది. అది పోతే బతకడానికి ఉన్న కారణాల్లో ఒకటి తగ్గుతుంది. ఆయన అనుమతితో భార్యకూ, బావమరిదికీ విషయం చెప్పి, రెండు వారాలు ఒంటరిగా వదలకుండా చూసుకోమని, మూడు రోజులకోసారి తీసుకురమ్మని అడిగాను. వేళకాని వేళ అవసరమైతే ఫోన్ చేయమని ఒక హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చాను (ఇప్పుడైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది). ఇంట్లో ఇంత అండ లేకపోతే చేర్చుకునేదాన్నే.

గుర్రాల నుంచి క్రికెట్ దాకా

జూదం సమస్య ఎంత ముదిరిందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీజీఎస్ఐ పట్టికలో 27కి 21 వచ్చింది. ఎనిమిది, అంతకు మించి వస్తే సమస్య కింద లెక్క. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన జబ్బుల పుస్తకం) జూదాన్ని మద్యం, మాదకద్రవ్యాల వరుసలో ఎందుకు చేర్చిందో ఈయన చరిత్ర వింటే అర్థమవుతుంది. నష్టం పెరిగేకొద్దీ పందెం పెరిగింది. మానేసిన రోజుల్లో వణుకు, చిరాకు వచ్చాయి.

మొదలు గుర్రాలతో. డిగ్రీ చదివే రోజుల్లో బాబాయి మలక్‌పేట రేసులకు తీసుకెళ్లారు. హైదరాబాద్‌లో పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయనీ, 1886లో ఆరో నిజాం కాలంలో మలక్‌పేటకు మారాయనీ నాకు చెప్పింది ఈయనే. మొదటి నెలలోనే ట్రెబుల్ తగిలింది. వరుసగా మూడు రేసుల్లో గెలిచే గుర్రాలను సరిగ్గా చెప్పాలి. 7,400 రూపాయలు వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్లకు దొరికిన ఉద్యోగంలో నెల జీతం 4,500.

ఆ సాయంత్రం గురించి చెబుతుంటే మనిషి మారిపోయారు. మూడో గుర్రం నంబరు, జాకీ టోపీ రంగు, సన్నగా పడుతున్న తుంపర, టోట్ (పందేల డబ్బంతా ఒకచోట చేర్చి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) కిటికీ దగ్గర డబ్బు లెక్కపెట్టిన మనిషి వేలికున్న ఉంగరం, అన్నీ గుర్తున్నాయి. పోయిన పందేల్లో ఒక్కటి ఇలా చెప్పమంటే, "చాలా పోయాయి" అని ఊరుకున్నారు. పదిహేనేళ్లకు పైబడిన నష్టాలన్నీ కలిపి ఒక్క ముక్కలో తేలిపోయాయి. ఒక్క గెలుపు మాత్రం నిన్న జరిగినట్టుంది. దాన్ని ఆ రోజే నోట్సులో రాసుకున్నాను. దాని విలువ అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది.

2008లో ఆఫీసులో సరదాగా ఐపీఎల్ పందెం. రెండేళ్లకు సహోద్యోగి ద్వారా బుకీ పరిచయం. ఆ తర్వాత ఫోన్‌లో యాప్‌లు. గుర్రాలకైతే అరగంటకో రేసు, మధ్యలో రేసు పుస్తకం తిరగేసి ఆలోచించే వ్యవధి ఉండేది. క్రికెట్‌లో సెషన్ పందేలు వచ్చాయి. మొదటి ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులు, తర్వాతి ఓవర్లో ఎన్ని, వికెట్ పడుతుందా లేదా. ఒక పందెం పోయిన బాధ తెలిసేలోపే ఇంకోటి కాయవచ్చు. "పోయినచోటే వెతుక్కోవాలి కదండీ" అన్నారాయన. మన ఇళ్లలో తాళంచెవి పోతే చెప్పే మాట అది. ఆయన బతుకు మొత్తం దాని మీద నడుస్తోంది.

అప్పు ఎంత అంటే మొదట ఎనిమిది లక్షలన్నారు. వారం తర్వాత పద్నాలుగు. నెల తర్వాత అసలు పట్టిక కాగితం మీదికి వచ్చింది: బ్యాంకు పర్సనల్ లోన్లు 7 లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదుళ్లు 6 లక్షలు, భార్య నగల మీద 4.2 లక్షలు, బుకీకి 3.4 లక్షలు, లోన్ యాప్‌లు 2.4 లక్షలు. మొత్తం 23 లక్షలు. ఇలా విడతలుగా చెప్పడాన్ని అబద్ధమని కోప్పడితే చివరి విడత ఎప్పటికీ బయటికి రాదు. ప్రతిసారీ "ఇంకా ఉంటే వచ్చేవారం చెప్పండి" అని మాత్రమే అన్నాను.

నా దగ్గరికి రాకముందు ఇంట్లోవాళ్లు తమకు తెలిసినవన్నీ చేశారు. మూడేళ్ల కిందట అప్పు బయటపడినప్పుడు అత్తగారు కొంత తీర్చారు. కొడుకు తల మీద ఒట్టు వేయించారు. తిరుపతి కొండ మీద మొక్కు. ఆ ఒట్టు ఐదు నెలలు నిలిచింది, తర్వాతి సంగతి ఇంట్లో తెలియలేదు. ఒట్టు తప్పాక అపరాధభావం ఇంకా పెరిగి, దాన్ని మరిచిపోవడానికి మళ్లీ పందెమే దిక్కయింది.

మొదటి ప్రయత్నం, అందులో నా తప్పులు

దిగులు, ఆందోళన తీవ్రంగా ఉన్నాయి కాబట్టి ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టాను. నిద్ర, దడ ఆరు వారాల్లో కుదుటపడ్డాయి. చావు ఆలోచనలు తగ్గాయి. ఇది అవసరమైన పనే. కానీ ఈ మందు పందెం కోరికను తగ్గిస్తుందని నేను ఆశించలేదు, తగ్గించనూ లేదు.

లెక్కల మనిషి కదా, లెక్కతోనే ఒప్పిద్దామనుకున్నాను. టాస్ పందెంలో రెండు వైపులా 90 పైసల రేటు ఉంటుంది. వంద కాసి గెలిస్తే తొంభై వస్తుంది, ఓడితే వంద పోతుంది. సగంసార్లు గెలిచినా పందేనికి సగటున ఐదు రూపాయలు బుకీవి. రేసుల్లో టోట్ మొత్తంలోంచి క్లబ్బు, పన్నుల వాటా ముందే తీసి, మిగిలినదే గెలిచినవాళ్లకు పంచుతారు. ఇవన్నీ కాగితం మీద వేసి చూపించాను. నాకంటే వేగంగా అర్థం చేసుకున్నారు. తర్వాతి వారం తనే ఒక పట్టిక తెచ్చారు: ఏ రేటు దగ్గర కాస్తే బుకీ వాటా తక్కువ పడుతుందో అందులో ఉంది. నేనిచ్చిన గణితం ఆయనకు మెరుగైన పందెగాడు కావడానికి పనికొచ్చింది. లోపం ఉన్నది లెక్క తెలియకపోవడంలో కాదు కాబట్టి లెక్క నేర్పి ప్రయోజనం లేకపోయింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. "క్రికెట్ పూర్తిగా మానేస్తాను, గుర్రాలు మాత్రం ఆదివారం, ఐదొందలు దాటకుండా" అని బేరం పెట్టారు. గుర్రప్పందేలు నైపుణ్యం మీద ఆధారపడే ఆటేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా గుర్తుచేశారు. అది నిజమే, తమిళనాడు కేసులో వచ్చిన తీర్పది. నేను ఒప్పుకున్నాను. నా ఆలోచన ఇది: అన్నీ ఒకేసారి మానమంటే చికిత్సే మానేస్తారేమో, చిన్న విజయంతో మొదలుపెట్టి నమ్మకం పెంచుదాం. మద్యం విషయంలో కొందరికి తగ్గించే పద్ధతి పనిచేయడం చూశాను కాబట్టి అలా అనుకున్నాను. ఆట చట్టబద్ధమా కాదా అన్నది న్యాయస్థానం ప్రశ్న. ఆ ఆట ఈయన మెదడులో ఏం చేస్తోందన్నది నేను అడగవలసిన ప్రశ్న. పైగా మలక్‌పేటలో ఆ రోజు గుర్రాలు పరిగెత్తకపోయినా బెంగళూరు, చెన్నై, ముంబై పందేలు తెర మీద నడుస్తూనే ఉంటాయి. ఆదివారం అన్న గీత నాలుగు వారాల్లో చెరిగిపోయింది.

ఇదే సమయంలో బావమరిది ఊళ్లో స్థలం అమ్మి 11 లక్షలు తెచ్చి బ్యాంకులోన్లు, యాప్‌లు తీర్చేశారు. నగల బాకీలోనూ కొంత కట్టారు. "బావకి ముందు మనశ్శాంతి దొరకాలి" అన్నారు. ప్రేమతో చేసిన పని. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. ఏమయిందంటే, బాకీలు తీరగానే యాప్‌లు, బ్యాంకు మళ్లీ అప్పు ఇవ్వడానికి సిద్ధమయ్యాయి. నలభై రోజుల్లో 3 లక్షల కొత్త అప్పు. బావమరిది నా గదిలో కూర్చుని ఏడ్చారు. ఆయన అమ్మిన స్థలం కూతురి చదువుకని దాచినది.

రెండో ప్రయత్నం

2022 నవంబరులో మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి బేరాల్లేవు. గుర్రాలు, క్రికెట్, పేకాట, సంక్రాంతి కోడిపందేలు అన్నీ బంద్. జీతం భార్య ఖాతాలోకి. ఆయన చేతికి రోజుకు 200, నోట్లుగా. ఫోన్‌లోంచి యూపీఐ తీసేశాం. మూడు నెలలకోసారి సిబిల్ రిపోర్టు తెచ్చి ముగ్గురం కలిసి చూడాలి, కొత్త లోను ఉంటే అందులో కనబడుతుంది. చేబదుళ్లు, బుకీ బాకీ అందులో కనబడవని భార్యకు ముందే చెప్పాను. ఇదంతా అవమానం కాదా అని ఆయన అడిగారు. కాలు విరిగినవాడికి కట్టు కట్టినట్టేననీ, ఆరు నెలలకోసారి కొంచెం వదులు చేద్దామనీ అన్నాను.

బుకీ బాకీ విషయంలో న్యాయవాది దగ్గరికి పంపాను. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు, కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేరు. ఇది తెలిశాక ఇంట్లో భయం సగం తగ్గింది. మిగతా అప్పులకు ఈసారి ఎవరూ ఒక్క రూపాయి పెట్టకూడదన్నాం. వడ్డీవ్యాపారులతో కూర్చుని ఆయనే మాట్లాడి, ఐదేళ్ల వాయిదాలు కుదుర్చుకున్నారు.

2023 ఐపీఎల్ గడిచిపోయింది. ఒక్క పందెం లేదు. మేం అందరం సంతోషించాం. అప్పటికి మా ప్రణాళిక అంతా చీకటి రోజుల కోసం తయారైనది. దిగులుగా ఉన్నా, మాట్లాడకపోయినా, అప్పులవాడు ఫోన్ చేసినా ఏం చేయాలో భార్య దగ్గర కాగితం ఉంది.

అక్టోబరు 5న ప్రపంచకప్ మొదలైంది. దసరాకు ఆఫీసులో బోనస్ 18 వేలు నోట్లుగా ఇచ్చారు, ఆ సంగతి ఇంట్లో తెలియదు. పాత బుకీకి ఒక్క ఫోన్. ఇండియా మీద కాశారు, గెలిచారు. మళ్లీ కాశారు. లీగ్‌లో తొమ్మిది మ్యాచ్‌లు, సెమీఫైనల్, ఇండియా ఒక్కటీ ఓడలేదు. ఫేవరెట్ మీద రేటు తక్కువే, కానీ గెలిచినదంతా తర్వాతి పందెంలో పెడుతూపోతే పెరగక ఏమవుతుంది? సెమీఫైనల్‌కు 1,10,000. దీపావళికి భార్యకు చీర, కొడుక్కి సైకిల్. ఇంట్లో అడిగితే చిన్న కమిషన్ వచ్చిందన్నారు. నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్‌లో ఇండియా 240కి ఆలౌటైంది, ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచింది. ఆయన చేతిలో ఉన్నదంతా, దాని మీద అరువుగా ఇంకో 90 వేలు పోయాయి.

తర్వాతి వారం భార్య నాతో అన్నమాట ఇది: "ఆ నెలన్నర ఎంత బాగున్నారో డాక్టర్ గారూ. కొడుకుతో ఆడుకున్నారు. కూరలు తరిగిచ్చారు. పెళ్లయిన కొత్తలో ఇలాగే ఉండేవారు. నయమైపోయిందనుకున్నాను."

ఆమె చూసింది తప్పు కాదు. చూడవలసినదేమిటో ఆమెకు నేను చెప్పలేదు. మొదటి నెలలోనే నోట్సులో రాసుకున్న ఆ 7,400 రూపాయల సాయంత్రం దగ్గరికి అప్పుడు తిరిగి వెళ్లాను. ఈయన్ను ఇన్నేళ్లూ లాగుతున్నది ఆ సాయంత్రం. ఓటమి రోజున ఆయన దగ్గర డబ్బు ఉండదు, ఇంటిల్లిపాదీ కాపలా ఉంటారు. గెలుపు రోజున డబ్బు ఉంటుంది, ధైర్యం ఉంటుంది, అనుమానించేవాళ్లు ఉండరు.

పనిచేసినది

2023 డిసెంబరులో రెండు మార్పులు చేశాం.

మొదటిది మందు. నాల్‌ట్రెక్సోన్‌ను మద్యం మాన్పించడానికి వాడతాం. మెదడులో ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకుని, దొరికే ఆనందపు ఉధృతిని తగ్గిస్తుంది. జూదానికి అధికారికంగా ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. పరీక్షించినవాటిలో ఇది కొందరికి మేలు చేసింది. గెలుపు మత్తే అసలు ఇంధనమని తేలాక దీన్ని ఎంచుకోవడం సమంజసమనిపించింది. ఆమోదం లేని వాడకమని వాళ్లకు వివరించి, లివర్ పరీక్షలు చేయించి, ఓపియాయిడ్ నొప్పిమాత్రలేవీ వాడటం లేదని నిర్ధారించుకుని రోజుకు 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. 2024 మార్చిలో ఒకసారి జారారు. సహోద్యోగి ఫోన్‌లో 500 కాసి గెలిచారు. మర్నాడే తనంతట తను వచ్చి చెప్పారు. "వచ్చాయండీ, కానీ చప్పగా ఉంది. ఏదో బాకీ వసూలైనట్టుంది అంతే." ఆ తర్వాతి పందెం కాయలేదు. ఒక్కరి మాట మీద మందు గొప్పదని చెప్పను. ఈయనకు మాత్రం ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. తొమ్మిది నెలల తర్వాత ఆపేశాం.

రెండోది మంచి రోజుల ప్రణాళిక. బోనస్, ఇంక్రిమెంటు, పండుగ, ఇండియా గెలుపు, ఊరకే ఉత్సాహంగా ఉన్న ఆదివారం, వీటన్నిటికీ ముందుగానే ఏం చేయాలో రాసుకున్నాం. బోనస్ వచ్చిన గంటలో భార్యకు చెప్పాలి. చేతిలోకి అనుకోని డబ్బు వస్తే ఆ రోజే వాయిదాలో కట్టాలి. "ఈసారి నాకు తెలుసు" అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాయాలి, ఏ జట్టు, ఏ గుర్రం, ఎంత నమ్మకం, తర్వాత ఏమైంది. పందెం కాయకుండా. ఇది నాకు కొంచెం భయంగానే ఉండింది, నిప్పుతో ఆడించినట్టు. అయినా చేయించాను, ఎందుకంటే నష్టాలను మరిచిపోయే ఆయన జ్ఞాపకానికి ఎదురుగా ఆయన చేతిరాతే నిలబడాలి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చూసి, "నేను నిపుణుణ్ణి కాదన్నమాట" అన్నారు. నా గణితం ఏడాదిన్నర కింద చేయలేని పని అది.

సాయంత్రం ఏడున్నర ఇంకో చిక్కు. ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యే వేళ. ఆ వేళకు కాలనీలో ఇంటర్ సీఈసీ పిల్లలకు అకౌంట్స్ ట్యూషన్ మొదలుపెట్టారు. ఫీజు భార్య వసూలు చేస్తారు. పిల్లలు ఎదురుచూస్తుంటారు కాబట్టి ఎగ్గొట్టడం కుదరదు. క్రికెట్ చూడటం పూర్తిగా మానాలా అని అడిగారు. రెండేళ్లు టీవీలో వద్దన్నాను. కొడుకు గ్రౌండులో ఆడే మ్యాచ్‌లకు వెళ్లమన్నాను. ఆ ఆట మీద ఎవరూ రేటు పెట్టరు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. యాప్‌ల ద్వారా కొత్తగా మొదలయ్యేవాళ్లకు అది మేలు చేస్తుందని నమ్ముతున్నాను. ఫోన్ నంబరు మీద అరువిచ్చే బుకీ దగ్గర పాత ఖాతా ఉన్న మనిషికి మాత్రం ఇంట్లో కట్టుకున్న ఏర్పాట్లే కాపలా.

ఆఖరిసారి చూసేసరికి మార్చిలో జారిన తర్వాత మరో పందెం లేదు. అప్పు 9 లక్షలకు తగ్గింది. బావమరిదికి నెలకు 5 వేలు తిరిగిస్తున్నారు.

నేను మార్చుకున్నవి

నిద్రలేమితో వచ్చే మగవాళ్లను ఇప్పుడు నెలల వారీగా అడుగుతున్నాను. ఏ నెలల్లో బాగుంటుంది, ఏ నెలల్లో బాగోదు, కరోనా ఏడాది ఎలా ఉంది అని. పందెం ఉందని తేలితే ఎంత పోయిందని అడిగేముందు మొదటి గెలుపు గురించి చెప్పమంటున్నాను. బంధువులు అప్పు తీరుస్తామని వస్తే, చికిత్స నిలదొక్కుకునేదాకా ఆగమని ఇప్పుడు గట్టిగానే చెబుతున్నాను. చిన్నబుచ్చుకున్నా సరే.

ఇంకొకటి ఆలస్యంగా తెలిసింది. 2024 జూన్‌లో ఆయన బాగానే ఉన్నారని నోట్సు రాస్తుంటే, పక్కన కూర్చున్న ఆమె కళ్ల కింద నలుపు చూశాను. రోజూ రాత్రి రెండింటికి మెలకువ వచ్చి భర్త ఫోన్ తీసి చూస్తున్నారట. రెండేళ్లుగా. ఏమీ లేదని తెలిసినా నిద్ర పట్టడం లేదట. ఆయన ప్రతి విజిట్‌లోనూ ఆమె వచ్చారు. ఆయన నిద్ర గురించి ఆమెను ఎన్నోసార్లు అడిగాను, ఆమె నిద్ర గురించి ఒక్కసారీ అడగలేదు. ఆమెకు చికిత్స మొదలై ఏడాది దాటింది. ఇలాంటి కుటుంబం వస్తే ఇప్పుడు మొదటి రోజే రెండు ఫైళ్లు తెరుస్తున్నాను.